బెన్ 10లో సగంలో వదిలేసిన కథలు: మీకు బాగా లోటనిపించింది ఏది?

చిత్తరువు

బెన్ 10ని, అదే, ఆమ్నిట్రిక్స్ అనే వాచ్‌తో రకరకాల ఏలియన్లుగా మారే బెన్ అనే కుర్రాడి కార్టూన్‌ని, ఈసారి మొదటి నుంచీ వరసపెట్టి చూశాను. 2005లో మొదలైన అసలు సిరీస్, ఆ తర్వాత ఏలియన్ ఫోర్స్, అల్టిమేట్ ఏలియన్, 2014లో ముగిసిన ఆమ్నివర్స్. నాలుగింట్లోనూ ఉన్నది ఒకే బెన్ కాబట్టి ఒకే సిరీస్ కింద లెక్కేస్తున్నాను. 2016 రీబూట్‌లో అంతా మళ్లీ మొదటికొచ్చింది, దాన్ని పక్కన పెడదాం.

చిన్నప్పుడైతే ఏ ఏలియన్ వచ్చింది, ఎవర్ని చితక్కొట్టింది అన్నదే మనకి కావాల్సింది. ఇప్పుడు చూస్తుంటే వేరే సంగతి కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. వీళ్లకి ఐడియాలకి ఎప్పుడూ కొదవ లేదు. ఒళ్లు జలదరించే ఐడియా ఒకటి తెస్తారు, ఇరవై రెండు నిమిషాల్లో చుట్టబెట్టేస్తారు, తర్వాతి ఎపిసోడ్‌కి అది ఎవరికీ గుర్తుండదు. నేను అడిగేది కొత్త ఏలియన్లనీ కాదు, ఇంకా పెద్ద ఫైట్లనీ కాదు. జరిగినదాని తాలూకు బరువు ఎవరి మీదా ఎందుకు కనిపించదు?

నాకు అన్నిటికంటే లోటనిపించింది బెన్ మారే ఏలియన్లలో ఒకడైన ఘోస్ట్‌ఫ్రీక్ విషయం. రెండో సీజన్‌లో 'ఘోస్ట్‌ఫ్రీక్డ్ అవుట్' గుర్తుంది కదా. బెన్‌కి పీడకలలు వస్తుంటాయి. ఘోస్ట్‌ఫ్రీక్‌గా మారాలంటేనే భయపడతాడు. తీరా చూస్తే ఆ డీఎన్‌ఏలో జస్కేర్ అనేవాడి స్పృహ మొత్తం బతికే ఉంది. వాడు వాచ్‌లోంచి బయటపడి, పైన ఉన్న తోలు చీల్చుకుని అసలు రూపం చూపిస్తాడే, ఆ సీన్ ఇప్పుడు చూసినా వెన్నులో వణుకు పుడుతుంది. చివర్లో ఎండ తగిలి వాడి పని అయిపోతుంది. ఎపిసోడూ అక్కడితో అయిపోతుంది.

ఒక్కసారి ఆలోచించండి. పదేళ్ల పిల్లాడు. చేతికి ఊడిరాని వాచ్. అందులో ఒకడు ఇన్నాళ్లూ మేలుకునే ఉన్నాడని తెలిసింది. మర్నాడు వాడు హీట్‌బ్లాస్ట్ బొమ్మ దగ్గర డయల్ ఆపి, ఏమీ ఎరగనట్టు ఎలా నొక్కేస్తాడు? "ఇందులో కూడా ఎవరైనా ఉన్నారా?" అని ఒక్కసారైనా అనుకోడా? డయల్ తిప్పబోయిన వేలు ఆగిపోయిన ఒక్క షాట్ పెట్టినా నాకు చాలు. అదీ లేదు.

మీకు అలా అనిపించినవి చెప్పండి. "బాగోలేదు" అని వదిలెయ్యకుండా, ఏం చేసుంటే బాగుండేదో కూడా రాయండి.

గాల్వన్‌బుర్ర

మంచి టాపిక్ బ్రో. ఘోస్ట్‌ఫ్రీక్ సంగతి ఒక రకంగా వివరించారు కదా: ఘోస్ట్‌ఫ్రీక్ జాతివాళ్లైన ఎక్టోన్యూరైట్ల స్పృహ ఒక్క డీఎన్‌ఏ పోగులో కూడా బతికుంటుంది, అది ఆ జాతికి మాత్రమే ఉన్న లక్షణం, మిగతా ఏలియన్లకి ఆ సమస్య లేదు. జస్కేర్‌ని కూడా వదిలెయ్యలేదు, మూడో సీజన్‌లో తెచ్చారు, ఏలియన్ ఫోర్స్ 'ఘోస్ట్ టౌన్'లో తెచ్చారు, ఆమ్నివర్స్‌లో అయితే వాళ్ల లోకమే చూపించారు.

చిత్తరువు

విలన్ తిరిగి రావడం వేరు, బెన్‌కి ఆ అనుభవం మిగలడం వేరు అండి. జస్కేర్ వచ్చిన ప్రతిసారీ అందరూ వాణ్ణి ఎలా ఆపాలన్నదే ఆలోచిస్తారు. నేను అడుగుతున్నది బెన్ గురించి. ఆ ఒక్క జాతికే అలా జరుగుతుందన్నారు, సరే. ఆ ముక్క పదేళ్ల పిల్లాడికి ఎవరు చెప్పాలి? చెబితే వాడు నమ్ముతాడా? తాత మాక్స్ ఆ రాత్రి వాళ్ల వ్యాన్ రస్ట్‌బకెట్‌లో వాడి పక్కన కూర్చుని ఆ మాట చెప్పే రెండు నిమిషాల సీన్ పెట్టుంటే, ఆ మనవడూ తాతా మనకి ఇంకా దగ్గరయ్యేవాళ్లు.

నిశాచరి

మీరు ఘోస్ట్‌ఫ్రీక్ దగ్గరే ఆగిపోయారు గానీ, అదే ఐడియాని అల్టిమేట్ ఏలియన్‌లో ఇంకా పెద్దగా తెచ్చి, ఇంకా దారుణంగా వదిలేశారు. 'ది అల్టిమేట్ శాక్రిఫైస్'.

చూడనివాళ్ల కోసం చెబుతాను. ఆ సిరీస్‌లో బెన్ వాచ్ అయిన అల్టిమేట్రిక్స్‌లో ఏలియన్లు ఇంకో మెట్టు పైకెళ్లి అల్టిమేట్ రూపాలు అవుతాయి. ఈ ఎపిసోడ్‌లో తెలిసేదేంటంటే ఆ రూపాలకి సొంత స్పృహ వచ్చేసింది. వాచ్ లోపల బందీలుగా పడున్నాయి. తమని వదలమని బెన్‌ని లోపలికి లాగుతాయి. విషయం అర్థమయ్యాక, వాటిని విడిపించడానికి బెన్ తన ప్రాణం ఇవ్వడానికి కూడా సిద్ధపడతాడు. మొత్తం సిరీస్‌లో బెన్ ఎంత పెద్దమనసున్నవాడో ఇంతకంటే బాగా చూపించిన ఎపిసోడ్ నాకు గుర్తులేదు.

ఆ తర్వాత? ఆ తర్వాత కూడా బెన్ మామూలుగానే అల్టిమేట్ రూపాలు వాడతాడు. ఆ సిరీస్ చివరి ఎపిసోడ్‌లో అల్టిమేట్ వే బిగ్ అని కొత్తది కూడా దిగుతుంది. అది చూస్తున్నంతసేపూ నాకు ఒకటే ఆలోచన. దీనికి కూడా స్పృహ వస్తుందా? వస్తే ఎన్నాళ్లకి? ఇంతకుముందు వాటికి వచ్చిందని తెలిసి కూడా మళ్లీ ఆ బటన్ నొక్కడం తప్పా, కాదా?

బెన్ నొక్కకూడదని నేననడం లేదు. లోకం మునిగిపోతుంటే నొక్కాల్సిందే. కానీ నొక్కేముందు వాడికి అది తెలుసని మనకి తెలియాలి. "క్షమించండి, ఈ ఒక్కసారికే" అని వాచ్‌కేసి చూసి గొణిగినా సరే, ఆ క్లైమాక్స్‌కి పదింతలు బరువొచ్చేది.

ప్లంబర్77

నిశాచరి అక్కా, ఆఖరి లైన్ చదివి కాసేపు అలా ఉండిపోయాను. అది నిజంగా ఉండాల్సిన డైలాగ్.

నా ఓటు హైబ్రీడ్‌కి. ఏలియన్ ఫోర్స్ మొదటి రెండు సీజన్లు మొత్తం సిరీస్‌లోనే బెస్ట్ అని నా గట్టి నమ్మకం. తమదే స్వచ్ఛమైన రక్తం, మిగతా జాతులన్నీ పురుగులు అనుకునే జాతి. తీరా చూస్తే ఆ స్వచ్ఛతే వాళ్లని చంపేస్తోంది. తమలో తమకే సంబంధాలు కలుపుకుని కలుపుకుని ఇక పిల్లలు పుట్టని స్థితికి వచ్చేశారు. ఇదే ఆఖరి తరం. మేం పోయాక మీరెవరూ మిగలకూడదు, అదీ వాళ్ల యుద్ధం. ఇంత లోతున్న విలన్లు ఎన్ని సూపర్‌హీరో కార్టూన్లలో ఉన్నారు?

'వార్ ఆఫ్ ది వరల్డ్స్'లో బెన్ వాళ్లని కొట్టి గెలవడు. ఆమ్నిట్రిక్స్‌తో ఆ జాతి మొత్తానికీ వేరే జాతుల డీఎన్‌ఏ కలిపి నయం చేసేస్తాడు. అంతకుముందు 'అలోన్ టుగెదర్'లో బెన్‌తో పాటు ఎడారి గ్రహంలో చిక్కుకున్న రైన్‌రాసిక్ ముందుకొచ్చి తనవాళ్లకి నచ్చజెప్పి నాయకుడవుతాడు. ఆ ముగింపు అద్భుతం, దానికి నేను వంక పెట్టను.

నా బాధ ఆ మర్నాటి గురించి. మూడో సీజన్ తెరిస్తే పాత విలన్ విల్గాక్స్ తిరిగొచ్చాడు. హైబ్రీడ్ ఊసే లేదు!

అలలు

ఇక్కడ నేనొకటి అడగాలి. బెన్ చేసింది కరెక్టేనా? వాళ్లని అడక్కుండా ఒక జాతి మొత్తం శరీరాలు మార్చేశాడు. ప్రాణాలు నిలబెట్టాడు, నిజమే. కానీ వాళ్ల నమ్మకం ప్రకారం అది చావుకంటే హీనం. 'అలోన్ టుగెదర్'లో రైన్‌రాసిక్‌కి చెయ్యి తిరిగొచ్చినా, అందులో వేరే జాతి అంశ కలిసిందని సొంతవాళ్ల దగ్గరికి వెళ్లలేక ఆ ఎడారిలోనే ఉండిపోతాడు కదా. ఒక్క చెయ్యికే అంత జరిగితే, పొద్దున లేచేసరికి ఒళ్లంతా రంగు మారిపోయిన కోట్లమంది సంగతేంటి?

ప్లంబర్77

అదే, అదే నేను చెప్పాలనుకున్నది! నేనైతే ఒక ఎపిసోడ్ ఇలా రాస్తాను.

యుద్ధం అయిపోయి ఏడాది. రైన్‌రాసిక్ కబురు పంపితే బెన్, వాడి కజిన్ గ్వెన్, స్నేహితుడు కెవిన్ హైబ్రీడ్ గ్రహానికి వెళ్తారు. ఎన్నో ఏళ్ల తర్వాత ఒక బిడ్డ పుట్టింది. ఊరేగింపు, సంబరాలు. కానీ ఊరికి అవతల ఇంకో గుంపు ఉంటుంది. వాళ్లు ఒంటిమీద వచ్చిన కొత్త రంగుల్ని సున్నంలాంటిదేదో పూసి దాచుకుంటారు. రోజూ పొద్దున్నే పూసుకోవాలి, సాయంత్రానికి రాలిపోతుంది. వాళ్లలో ఒక ముసలి సైనికుడు బెన్‌ని నిలబెట్టి అడుగుతాడు: "నన్ను బతికించమని నిన్ను అడిగానా?" బెన్ దగ్గర జవాబు ఉండదు. ఉండకూడదు కూడా. ఆ ముసలాయన ఆ బిడ్డని చూడ్డానికి వస్తాడా, రాడా అన్నదే కథ. విలన్ అక్కర్లేదు. చివర్లో ఆయన గుమ్మం దాకా వచ్చి, లోపలికి రాకుండా, కిటికీలోంచి చూసి వెళ్లిపోతాడు. ఆ రోజుకి అంతే. అంతకంటే ముందుకి తోస్తే అబద్ధమవుతుంది.

పాతటేపు

ప్లంబర్ గారూ, ఈ ఎపిసోడ్ ఎవరైనా తీసుంటే నేను మా ఇంట్లోవాళ్లందర్నీ కూర్చోబెట్టి చూపించేవాణ్ణి.

కానీ కొంచెం వాళ్ల వైపునుంచి కూడా మాట్లాడాలి. పిల్లల ఛానెల్‌లో ఎపిసోడ్లు ఏ వరసలో వేస్తారో ఎవరికీ తెలియదు. ఈరోజు మూడో సీజన్‌ది, రేపు మొదటి సీజన్‌ది. మధ్యలో వచ్చిన పిల్లాడికి కూడా అర్థం కావాలి. అందుకే ప్రతి ఎపిసోడ్ దేనికది పూర్తయిపోవాలని చూస్తారు.

రెండోది, చేతులు మారాయి. అసలు సిరీస్‌ని సృష్టించింది మ్యాన్ ఆఫ్ యాక్షన్ పేరుతో పనిచేసే నలుగురు రచయితలు: డంకన్ రూలో, జో కేసీ, జో కెల్లీ, స్టీవెన్ సీగల్. ఏలియన్ ఫోర్స్, అల్టిమేట్ ఏలియన్ వచ్చేసరికి గ్లెన్ మురకామి, డ్వేన్ మెక్‌డఫీ పగ్గాలు పట్టారు. మెక్‌డఫీ 2011 ఫిబ్రవరిలో చనిపోయారు. ఆమ్నివర్స్‌కి మాట్ యంగ్‌బర్గ్ వచ్చారు, డెరిక్ వ్యాట్ చేతిలో బొమ్మల తీరే మారిపోయింది. ఒక్కో బృందానికీ ఒక్కో అభిరుచి. ముందువాళ్లు వదిలిన ముడిని తర్వాతివాళ్లు విప్పాలంటే వాళ్లకీ దాని మీద అంత ఆసక్తి ఉండాలి కదా.

మెక్‌డఫీ ఇంకొన్నేళ్లు ఉండి ఉంటే హైబ్రీడ్‌లాంటి కథలకి కొనసాగింపు వచ్చేదేమోనని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. ఆయన రాసే మనుషులు తాము చేసినదాని గురించి ఆలోచిస్తారు.

చిత్తరువు

చేతులు మారడం నిజమైన కారణమే. ఛానెల్ వరస గురించి మాత్రం నేను ఒప్పుకోలేను. ఎపిసోడ్ దేనికది పూర్తవ్వాలి, సరే. కానీ ఒక చూపు, ఒక తటపటాయింపు, ఒక చిన్న మాట పెట్టడానికి ముందు ఎపిసోడ్ చూసి ఉండాల్సిన పనిలేదు. చూడనివాడికి అది మామూలు సీన్. చూసినవాడికి గుండె కలుక్కుమంటుంది. అల్టిమేట్ వే బిగ్ దగ్గర నిశాచరి గారు రాసిన డైలాగ్ సరిగ్గా అలాంటిదే.

గాల్వన్‌బుర్ర

అసలు వీళ్లకి చేతకాదు అనడానికి లేదు, అదే నాకు ఎక్కువ బాధ. ఆమ్నివర్స్‌లో ఫీడ్‌బ్యాక్ కథ చూడండి.

పదకొండేళ్ల బెన్‌కి ఫీడ్‌బ్యాక్ అనే ఏలియన్ అంటే పిచ్చి. ఏ పనికైనా అదే. అవసరం ఉన్నా లేకపోయినా అదే. ఒక రకంగా వ్యసనం. మాల్‌వేర్ అనే విలన్ ఆ రూపాన్ని వాచ్‌లోంచి చీల్చి నాశనం చేసేస్తాడు. ఆ దెబ్బ బెన్ లోపల ఉండిపోయింది. పదహారేళ్లు వచ్చాక మాల్‌వేర్ మళ్లీ ఎదురైనప్పుడు గానీ అది బయటికి రాలేదు, ఫీడ్‌బ్యాక్ కూడా అప్పుడే తిరిగొచ్చింది. చిన్నప్పటి ఫ్లాష్‌బ్యాక్‌లు, ఇప్పటి కథ పక్కపక్కనే నడిపించి రెండూ ఒకచోట కలిపారు. మాల్‌వేర్ కూడా ఊరికే దుర్మార్గుడు కాదు, లోపంతో పుట్టిన మెకామార్ఫ్ జాతివాడు. ఆమ్నిట్రిక్స్ తయారుచేసిన అజ్‌మత్ తనని సరిచేయలేదన్న కసి. వదిలేసిన తండ్రి మీద కొడుకు కోపంలా ఉంటుంది ఆ గొడవ.

80 ఎపిసోడ్ల ఆమ్నివర్స్‌లో మొదటి ఇరవైలోనే ఇంత చక్కగా చేశారు. ఆ తర్వాత అరవైలో అంత ఓపిక మళ్లీ ఎక్కడా చూపించలేదు.

వెలుగునీడ

ఆమ్నివర్స్ అంటే గుర్తొచ్చింది, విశ్వం నాశనమైన సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? విశ్వం మొత్తం పోతుంది. బెన్ ఏలియన్ ఎక్స్‌గా మారి, ఆ ఏలియన్ లోపల నిర్ణయాలు తీసుకునే బెలికస్, సెరీనాలని ఒప్పించి, మొత్తం మళ్లీ సృష్టిస్తాడు. అంటే ఆ తర్వాత మనం చూసే గ్వెన్, కెవిన్, మాక్స్ అందరూ బెన్ గుర్తు పెట్టుకున్నదాన్ని బట్టి తయారైనవాళ్లు! వాళ్లు పాతవాళ్లేనా? బెన్ ఏదైనా మర్చిపోయుంటే? తాత ముఖం మీద ఒక మచ్చ ఉండేదా లేదా అని అద్దం ముందు నిలబడి ఆలోచించే బెన్ నాకు కావాలి.

పాతటేపు

దాని మీద 'యూనివర్స్ వర్సెస్ టెనిసన్' ఎపిసోడ్ ఉంది కదండి. ఏలియన్ ఎక్స్ జాతివాళ్లైన సెలెస్టియల్ సేపియన్లు బెన్‌ని కోర్టుకి లాగి విచారణ జరుపుతారు. అంటే దాన్ని పూర్తిగా వదిలెయ్యలేదు.

వెలుగునీడ

ఉంది, చూశాను. అది చట్టం గురించి. విశ్వాన్ని తిరిగి సృష్టించే అధికారం నీకు ఎవరిచ్చారు అని వాళ్లు అడుగుతారు. మంచి ప్రశ్నే. కానీ ఆ ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగరు. అమ్మ సాండ్రాకి ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుంది? "నువ్వు నన్ను తయారుచేశావా, నేను నిన్ను కన్నానా?" అని ఒక తల్లి అడిగే సీన్ ఉంటే, ఆ కోర్టు గొడవ మొత్తం పక్కకి పెట్టెయ్యొచ్చు. ఏలియన్ ఫోర్స్‌లో 'గ్రౌండెడ్'లో అమ్మానాన్నలకి విషయం తెలిసిన ఎపిసోడ్ ఎంత బాగుందో గుర్తుందా? ఆ అమ్మానాన్నలని తర్వాత సరిగ్గా వాడుకోనే లేదు.

అలలు

ఆ తల్లి డైలాగ్ 👏

జూలీ గురించి ఒక్క మాట చెప్పి వెళ్తాను. రెండు సిరీస్‌లు బెన్ పక్కన ఉన్న అమ్మాయి. బెన్ ఎవరో తెలిసి కూడా నిలబడింది. షిప్ అనే తన పెంపుడు ఏలియన్‌ని తోడు తీసుకుని తనే పోరాడింది. వాళ్లిద్దరూ విడిపోవడం మాత్రం తెరమీద మనకి కనిపించకుండానే అయిపోయింది. ఆమ్నివర్స్‌లో తను ఇంకొకడితో కనిపిస్తుంది, అంతే. విడిపోవడం తప్పు కాదు, పదహారేళ్లకి అది మామూలే. హీరోతో తిరగడం వల్ల తను అలిసిపోయిందో, ప్రతి టెన్నిస్ మ్యాచ్ మధ్యలో వాడు పరిగెత్తుకెళ్లడం విసుగొచ్చిందో, ఆ మాటలు తన నోటితో వినాలనిపించింది.

నిశాచరి

జూలీకి ప్లస్ వన్. మంత్రగత్తె చార్మ్‌కాస్టర్ని కూడా అదే లిస్టులో చేర్చండి. తండ్రిని బతికించుకోవడానికి ఒక లోకంలోని ప్రాణాలన్నీ పణంగా పెట్టింది. తీరా ఆ తండ్రి అలా వచ్చిన బతుకు నాకొద్దని కాదనుకున్నాడు. అంత పెద్ద దెబ్బ తిన్న మనిషి ఆమ్నివర్స్‌లో తిరిగొచ్చినప్పుడు ఆ రోజు తాలూకు నీడ కూడా ఆమె మీద కనిపించదు.

గాల్వన్‌బుర్ర

ఒక చిన్న విషయం. అజ్‌మత్ ఆమ్నిట్రిక్స్‌ని ఆయుధంగా తయారుచెయ్యలేదు. జాతులు ఒకరి బతుకు ఒకరు అర్థం చేసుకోవాలని చేశాడు. అలాంటప్పుడు వైల్డ్‌మట్ ఎందుకు అంత తొందరగా మూలపడ్డాడు? కళ్లు లేవు, మాట రాదు. వాసన, చప్పుడుతోనే లోకం. అసలు సిరీస్‌లో వాడి చూపు ఎలా ఉంటుందో కొన్ని షాట్లలో చూపించారు కూడా. ఎపిసోడ్ మొత్తం ఆ చూపులోనే నడిపించి, బెన్ ఎవరికీ ఏమీ చెప్పలేక అల్లాడిపోయేలా రాసుంటే, అజ్‌మత్ ఉద్దేశం ఒక్క డైలాగ్ లేకుండా అర్థమయ్యేది. బలం ఎక్కువున్న ఏలియన్లే రానురాను ముందుకొచ్చాయి, తేడాగా బతికే ఏలియన్లు వెనకబడ్డాయి.

ప్లంబర్77

వైల్డ్‌మట్ ఐడియా సూపర్ బ్రో. డైమండ్‌హెడ్ విషయంలో కూడా అంతే కదా. 2007లో వచ్చిన 'సీక్రెట్ ఆఫ్ ది ఆమ్నిట్రిక్స్' సినిమాలో డైమండ్‌హెడ్ జాతివాడైన టెట్రాక్స్ తన గ్రహం పెట్రోపియా నాశనానికి తన వంతు పాపం ఉందని ఒప్పుకుంటాడు. ఆ అపరాధభావమే వాడి పాత్ర. ఏలియన్ ఫోర్స్ 'ది సీక్రెట్ ఆఫ్ క్రోమాస్టోన్'లో గ్రహం మొత్తం తిరిగి వచ్చేస్తుంది, జనంతో సహా. వాళ్లలో ఒక్కరైనా టెట్రాక్స్ ముఖం చూసి "మమ్మల్ని అమ్మినవాడివి నువ్వే కదా" అనాలి కదా! ఎవరూ అనరు.

చిత్తరువు

ఇన్ని వచ్చాయి, ఇంకా కెవిన్ రాలేదు. కెవిన్ గురించి ఎవరైనా రాస్తారని ఎదురుచూస్తున్నాను.

పాతటేపు

నేను రాస్తాను, కొంచెం పెద్దదవుతుంది, ఓపిక పట్టండి.

మొదట్లో కెవిన్ పదకొండేళ్ల పిల్లాడు. ఇల్లు లేదు, న్యూయార్క్‌లో పాడుబడిన సబ్‌వేలో ఉంటాడు. డబ్బు రైలు కోసం జనం ఉన్న రైలుని గుద్దించడానికి కూడా వెనకాడడు. బెన్‌కి దొరికిన తాత ఒకరు వాడికీ దొరికుంటే ఏమయ్యేవాడో అనిపించే పాత్ర. రెండో సీజన్‌లో విల్గాక్స్‌తో పాటు నల్ వాయిడ్ అనే జైలు లోకంలో చిక్కుకుపోతాడు.

ఏలియన్ ఫోర్స్ మొదలయ్యేసరికి ఐదేళ్లు గడిచాయి. కెవిన్ మామూలు కుర్రాడిలా కారేసుకుని, ఏలియన్ ఆయుధాలు అమ్ముకుంటూ కనిపిస్తాడు. ఆ ఐదేళ్ల గురించి అల్టిమేట్ ఏలియన్‌లో ఒక ఎపిసోడ్ ఇచ్చారు, నల్ వాయిడ్ జైల్లో క్వారెల్ అనే ముసలాయన వాడికి తనని తాను అదుపులో పెట్టుకోవడం నేర్పి, వాణ్ణి తప్పించడానికి ప్రాణం ఇస్తాడు. చక్కటి ఎపిసోడ్. కానీ అది ఒక సీజన్‌కి సరిపడా కథ. ప్రాణం ఇచ్చిన ఆ మనిషి పేరు కెవిన్ నోట మళ్లీ ఎన్నిసార్లు విన్నాం?

అసలు దెబ్బ తర్వాత వచ్చింది. ఏలియన్ ఫోర్స్ 'వెండెట్టా'లో కెవిన్ నాన్న డెవిన్ లెవిన్ ఒక ప్లంబర్ (గ్రహాంతర పోలీసు) అనీ, మాక్స్‌కి పార్ట్‌నర్ అనీ, రాగ్నరాక్ చేతిలో చనిపోయాడనీ తెలుస్తుంది. కెవిన్ పగతో రగిలిపోతాడు. బెన్, గ్వెన్‌ల మాట కూడా వినడు. అన్నాళ్లూ వెటకారంగా మాట్లాడే కుర్రాడి లోపల ఇంత ఉందా అనిపించిన ఎపిసోడ్ అది.

ఆమ్నివర్స్‌లో రూటర్స్ అనే రహస్య ప్లంబర్ల బృందం కథ వచ్చింది. సర్వాంటిస్ అనేవాడు జ్ఞాపకాలు మార్చేశాడట. డెవిన్ లెవిన్ అనే మనిషే లేడట. కెవిన్ జాతివాళ్లైన ఆస్మోసియన్లు వేరే గ్రహం వాళ్లు కాదు, మనుషుల్లోనే తేడాగా పుట్టినవాళ్లట. ఒక్క దెబ్బతో 'వెండెట్టా' మొత్తం ఊడ్చిపెట్టుకుపోయింది.

చాలామంది ఈ రెట్‌కాన్‌ని, అంటే పాత కథని ఇలా వెనక్కెళ్లి మార్చడాన్ని, తిడతారు. నేను తిట్టను. ఆ ఐడియా బ్రహ్మాండమైనది. లేని తండ్రి కోసం పగ తీర్చుకున్న కొడుకు! ఇంతకంటే విషాదం ఏం రాయగలరు? నా బాధల్లా అది చెప్పేసి, వెంటనే ఫైట్‌లోకి దూకేశారని.

నిశాచరి

ఆగండి, మీరన్నది ఇంకో మనిషికి కూడా వర్తిస్తుంది. మాక్స్! డెవిన్ మాక్స్‌కి పార్ట్‌నర్ అన్నారు కదా. అంటే మాక్స్ తలలో ఉన్న ఆ జ్ఞాపకాలు కూడా అబద్ధమే. కలిసి తిరిగిన మిషన్లు, కలిసి నవ్విన జోకులు, కాపాడలేకపోయానన్న బాధ, ఏదీ జరగలేదు. కెవిన్‌కి తండ్రి లేడు, మాక్స్‌కి స్నేహితుడు లేడు. ఇద్దరి దుఃఖం మాత్రం నిజం.

పాతటేపు

అవును, ఆ సీన్ నాకు కావాలి. ఆ ఇద్దరికీ తప్ప ఇంకెవరికీ అర్థం కాని నష్టం అది. గ్వెన్ ఎంత ప్రేమగా ఓదార్చినా ఆమెకి డెవిన్ ఒక పేరు మాత్రమే. మాక్స్‌కి అతని గొంతు గుర్తుంది. కెవిన్ మాక్స్ దగ్గరికి వచ్చి "ఆయన నవ్వితే ఎలా ఉండేది?" అని అడగాలి. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. మాక్స్ చెప్పాలా, వద్దా? చెబితే సర్వాంటిస్ పెట్టిన అబద్ధాన్ని ఇంకొంచెం పెంచినట్టు. చెప్పకపోతే ఆ కుర్రాడి దగ్గర మిగిలిన ఆ ఒక్కటీ లాక్కున్నట్టు.

వెలుగునీడ

చెప్పాలి. నా మాక్స్ అయితే చెబుతాడు.

ప్లంబర్77

నా మాక్స్ చెప్పడు. ప్లంబర్ల మాక్స్ అబద్ధం మీద అబద్ధం కట్టడు. దానికి బదులు క్వారెల్ గురించి అడుగుతాడు. ఆ మనిషి నిజంగా ఉన్నాడు, నిజంగా ప్రాణం ఇచ్చాడు. కెవిన్‌ని కొడుకులా చూసుకున్నవాడు ఒకడు ఉన్నాడని కెవిన్ చేతే చెప్పిస్తాడు.

నిశాచరి

ప్లంబర్ గారూ, ఇది రాయండి. ఫ్యాన్ ఫిక్షన్ విభాగంలో పెట్టండి, హైబ్రీడ్ ముసలాయనది కూడా. నేను మొదటి డ్రాఫ్ట్ చదివి పెడతాను. క్వారెల్ ఎపిసోడ్ ఇంకోసారి చూసి, వాడి మాట తీరు ఎలా ఉంటుందో నోట్స్ తీసి ఇక్కడే పోస్ట్ చేస్తాను.

ప్లంబర్77

ముందు కెవిన్‌ది మొదలుపెడతాను అక్కా. మాక్స్ డైలాగులు పాతటేపు గారు ఒకసారి చూడాలి, ఆయన రాసినంత బాగా నాకు మాక్స్ పలకడు.

పాతటేపు

పంపండి. తప్పకుండా చూస్తాను.